కస్టమర్ అందుబాటులో లేరు

మా మారుతి 800 క్లచ్ సింహాచలం ఘాట్ రోడ్డు మీద పోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలనంటోంది. వెనకున్న బస్సు డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీస్తే ఒట్టు. ఎలాగో బండిని వెనక్కి తిప్పుకుని కొండ దిగాం. దిగడానికి క్లచ్ అక్కర్లేదు, బ్రేకులూ అప్పన్న దయా ఉంటే చాలు.

ఆటోనగర్ మెకానిక్ బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు. "ఇంజన్ దించాలండి."

ఎందుకు దించాలి? ఈ బండిలో ఇంజన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. దాని పక్కనే గేర్‌బాక్స్. రెండింటి మధ్య క్లచ్. గేర్‌బాక్స్‌ని పక్కకి లాగి కిందికి దించితే క్లచ్ ఎదురుగా కనిపిస్తుంది. ఇంజన్ ఉన్నచోటే ఉంటుంది, దాని కింద ఒక చెక్కముక్కా జాకీ పెట్టి ఆపితే సరి. ఈ సంగతులన్నీ వీడియోల్లో చూసి ఉన్నాను కాబట్టి అక్కడికక్కడే చెప్పేశాను. అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నన్ను ఒకసారి, నా ఇస్త్రీ చొక్కాని ఒకసారి చూశాడు.

"అన్నీ తెలిసినోళ్లు, మీరే చేసేసుకోండి సార్."

పక్కన మా ఆవిడ ఉంది. ఆవిడ ఎదురుగా ఒక మనిషి ఆ మాట అన్నాక ఇంక చేసుకోక తప్పుతుందా?

క్లచ్ సెట్ కొన్నాను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకే డబ్బాలో వచ్చాయి. ఇంకొకటి కావాలి. కొత్త ప్లేటు బిగించేటప్పుడు అది సరిగ్గా మధ్యలో ఉండాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా గేర్‌బాక్స్ షాఫ్టు అందులోకి దూరదు, రాత్రంతా కుస్తీ పట్టినా దూరదు. ప్లేటును మధ్యలో నిలబెట్టడానికి ఒక ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది. ఊళ్లో అడిగితే "అదెందుకండీ, కంటితో చూసి పెట్టేస్తాం" అని నవ్వారు. అంచేత ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టాను. ఈ గొడవంతా ఆ కడ్డీ వల్లే.

ఆదివారం పొద్దున్నే మా బావమరిది వచ్చాడు. బండి ముందుభాగం స్టాండ్ల మీదికి ఎక్కించాం. బ్యాటరీ, స్టార్టర్ మోటారు, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, యాక్సిళ్లు, అన్నీ ఊడాయి. ఎలా ఊడాయో అడక్కండి. ఒక బోల్టు దగ్గర మా బావమరిది వాడిన భాష విని మొదటి అంతస్తు వాళ్లు కిటికీ వేసుకున్నారు.

మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి విడిపోయింది. నేను బండి కింద అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని, వాడు పక్కనుంచి వంగి, ఇద్దరం కలిసి దాన్ని దించుతున్నాం. సగం దిగింది. అప్పుడు గేటు దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి గొంతు వినిపించింది.

"ఈ బండెవరిదండీ? నీళ్ల ట్యాంకరొచ్చింది, తీయాలి, తీయాలి!"

గేటుకి అడ్డంగా ఉన్న ఆ బండి మా బావమరిదిది. ఈ ఎండల్లో ట్యాంకరు వెనక్కి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ట్యాంకరు వాడికే తెలీదు.

"ఒక్క నిమిషం బావా, పట్టుకో" అని వాడు గేర్‌బాక్స్‌ని మెల్లిగా నా గుండెల మీద ఆనించి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క నిమిషం గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

బియ్యం బస్తా మోసిన మనిషినే నేను. కానీ బస్తాకి మూలలుండవు, బోల్టు రంధ్రాలుండవు, నూనె ఉండదు. గేర్ ఆయిల్ అంతా ముందే తీసేశామనుకున్నాం గానీ యాక్సిల్ ఊడదీసిన కన్నంలోంచి ఇంకా కారుతూనే ఉంది. కుడివైపు ఒరిగిస్తే నా చెవిలోకి, ఎడమవైపు ఒరిగిస్తే మెడ కిందికి. దాని వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు తెలుసుకోకపోవడమే మంచిది, అందులో గంధకం కలుస్తుంది. పైకి నెట్టడానికి చోటు లేదు, పక్కకి దొర్లించడానికి చక్రం డ్రమ్ము అడ్డం. శ్వాస పూర్తిగా తీసుకుంటే గేర్‌బాక్స్ పైకి లేచి ఛాసిస్‌కి తగులుతోంది. అందుకని సగం సగం శ్వాసలు తీసుకుంటూ పడుకున్నాను.

అలాంటి సమయంలో నా చొక్కా జేబులో ఫోన్ బుర్రుమంది.

జేబు ఎక్కడుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఫోన్ కింద గుండెకాయ, ఫోన్ మీద గేర్‌బాక్స్.

రెండు కాళ్లు వచ్చి నా కాళ్ల దగ్గర ఆగాయి. "సార్, పార్సిల్."

కడ్డీ వచ్చింది! నాకు ప్రాణం లేచొచ్చినంత పనయింది. లేవడానికి చోటు లేదు గానీ.

"అక్కడ పెట్టెయ్ బాబూ."

"ఓటీపీ చెప్పండి సార్."

నేను ఉన్న పరిస్థితి వివరించాను. సగం సగం శ్వాసల మధ్య వివరించడం వల్ల చాలాసేపు పట్టింది. పాపం ఓపిగ్గా విన్నాడు. విని, గొంతుకూర్చుని, సెల్ టార్చి వేసి బండి కిందికి చూశాడు. వెలుగు సూటిగా నా కళ్లలో పడింది.

"అవును సార్, ఉంది. ఓటీపీ మెసేజ్ వచ్చేసుంటది సార్, చూసి చెప్పండి."

"ఫోన్ జేబులో ఉంది. జేబు దీని కింద ఉంది."

"ఓటీపీ కొట్టకపోతే యాప్ ముందుకెళ్లదు సార్."

"దీన్ని ఒక్క చెయ్యి వేసి పక్కకి లాగు బాబూ. ఫోన్ తీస్తాను, ఓటీపీ చెప్తాను, నీ పని అయిపోతుంది, నా ప్రాణమూ కుదుటపడుతుంది."

అతను నిజంగానే ఆలోచించాడు. "కస్టమర్ సామాన్లు మేం ముట్టుకోకూడదు సార్. ఏదన్నా పగిలితే మా మీద కొస్తది."

గేర్‌బాక్స్ పగలడం! పైన పోతపోసిన అల్యూమినియం, లోపల ఉక్కు పళ్లు. అది పడితే నేల పగలాలి, నేను పగలాలి.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1983 డిసెంబరు 14న దేశంలో మొట్టమొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ స్వయంగా హర్పాల్ సింగ్ అనే ఆయన చేతిలో పెట్టారు. దేశానికి ప్రధానమంత్రి, ఇస్తున్నది ఏకంగా కారు. ఓటీపీ అడగలేదు. మనిషి ఎదురుగా ఉన్నాడు, చెయ్యి చాపాడు, ఇచ్చేశారు. నలభై ఏళ్లు తిరిగేసరికి అదే కారుకి కావలసిన జానెడు ప్లాస్టిక్ కడ్డీ కోసం నేను నేనేనని కారు కింద పడుకుని నిరూపించుకోవలసి వచ్చింది. పోనీ ఆ కడ్డీ ఎవడైనా కొట్టేస్తాడా అంటే, పక్క ఫ్లాటాయనకి ఇచ్చినా లస్సీ కలుపుకోవడానికి కూడా పనికిరాదు.

"పైన మా ఆవిడ ఉంది, మూడో అంతస్తు. ఆవిడకిచ్చెయ్."

"ఆవిడకి ఓటీపీ వస్తదా సార్?"

"రాదు."

"మరి?"

నిజమే, మరి? ఆ ఒక్క ముక్కకీ నా దగ్గర జవాబు లేదు. పైన ఆవిడని గట్టిగా పిలుద్దామంటే గట్టిగా పిలవడానికి పూర్తి శ్వాస కావాలి. పూర్తి శ్వాస సంగతి ఇందాకే చెప్పాను.

అప్పుడు అతను లేచి నిలబడ్డాడు. మళ్లీ కాళ్లు మాత్రమే మిగిలాయి. ఫోన్‌లో ఏదో నొక్కుతున్న చప్పుడు. మరుక్షణం నా గుండెల మీద ఫోన్ మోగడం మొదలైంది. రింగ్‌టోనూ వైబ్రేషనూ రెండూ పెట్టుకునే అలవాటు నాకు. గేర్‌బాక్స్ లోపల ఏదో పన్ను ఆ వైబ్రేషన్‌కి టకటక కొట్టుకుంటోంది. కన్నంలోంచి నూనె చుక్క చెవి వెనక్కి జారింది.

"ఎవరు బాబూ, ఇప్పుడు నాకు ఫోన్?"

"నేనే సార్. కాల్ చేసి చూడకుండా క్యాన్సిల్ పెడితే యాప్ తీసుకోదు."

"క్యాన్సిలా? నేనిక్కడే ఉన్నాను కదా!"

"మీరున్నారు సార్," అన్నాడు ఓదార్పుగా, "కస్టమర్ ఫోన్ ఎత్తట్లేదు."

వేదాంతం చదివినవాళ్లు కూడా ఇంత సులువుగా మనిషిని రెండు చేయలేరు. బండి కింద పడుకుని నూనె కారుస్తున్నవాడు వేరు, ఫోన్ ఎత్తని కస్టమర్ వేరు. మొదటివాడి మీద అతనికి జాలి ఉంది, నా మొహం దగ్గరికి ఒక రాయి తన్ని "దీని మీద తల పెట్టుకోండి సార్" అని కూడా అన్నాడు. రెండోవాడి మీద మాత్రం చర్య తీసుకున్నాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. వెంటనే ఇంకో బుర్రు. ఆ మెసేజ్ ఏమిటో చదవక్కర్లేకుండా అతనే పైకి చదివి వినిపించాడు. కస్టమర్ అందుబాటులో లేరు.

"రేపు మళ్లీ తెస్తాను సార్. ఫోన్ దగ్గర పెట్టుకోండి."

ఇంతకన్నా దగ్గరగా ఎలా పెట్టుకోను?

అతను వెళ్లాక ఇంకో జత కాళ్లు వచ్చాయి. తోలు చెప్పులు, తెల్ల పంచె అంచు. సెక్రటరీ గారు. హమ్మయ్య, పెద్దమనిషి, చూసి ఎవరినో ఒకరిని పిలుస్తారు అనుకున్నాను. ఆయన కొంతసేపు నిలబడ్డారు. "ఛఛ" అన్నారు. ఫోన్ కెమెరా టక్కుమన్న శబ్దం వినిపించింది. చెప్పులు వెళ్లిపోయాయి.

మా బావమరిది వచ్చేసరికి వాడి చేతిలో టీ గ్లాసులున్నాయి. ట్యాంకరు పైపు పొట్టిదైందట, పట్టుకోడానికి మనిషి లేడట, పెద్దాయన అడిగితే కాదనలేకపోయాడట, తరవాత ట్యాంకరు డ్రైవరు టీ తాగుదాం రమ్మన్నాడట. "ఇంకా అలాగే ఉన్నావా బావా?" అని ఆశ్చర్యపోయాడు. గ్లాసులు జాగ్రత్తగా బానెట్ అంచున పెట్టి, చేతులు కడుక్కోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అప్పుడు వంగాడు.

మిగతా పని సాఫీగానే సాగింది. కడ్డీ లేదు కాబట్టి సాకెట్ రాడ్డుకి ఇన్సులేషన్ టేపు చుట్టి, లావు సరిపోయేదాకా చుట్టి, దాన్నే దూర్చి ప్లేటును మధ్యలో నిలబెట్టాం. గేర్‌బాక్స్ ఎక్కించాం. ఈసారి నా గుండెల మీద నుంచి కాదు, వాడి గుండెల మీద నుంచి. ఫోన్ పక్కన పెడతానన్నాడు, ఒప్పుకోలేదు. కేబుల్ సరిచేసి స్టార్ట్ చేస్తే మొదటి గేరు మెత్తగా పడింది. రాత్రి బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చాం.

ఈ పొద్దున చొక్కా మార్చుకుంటుంటే గుండె మీద మూడు బోల్టు రంధ్రాల ముద్ర నీలంగా కనిపించింది. సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "పార్కింగ్‌లో రిపేర్లు చేసి నేల పాడుచేయడం నిబంధనలకు విరుద్ధం. సంబంధిత ఫ్లాట్ వారు 500 రూపాయలు చెల్లించగలరు. ఇట్లు, సెక్రటరీ." కింద ఫోటో. ఫోటోలో నూనె మరక స్పష్టంగా ఉంది. మరక పక్కన, కొంచెం మసకగా, ఎటూ కదలని రెండు కాళ్లు.

చాలామంది బొటనవేళ్లు పెట్టారు. అందులో ఒకటి మా ఆవిడది. అడిగితే, "మరక సంగతి నిజమే కదండీ" అంది.