మిత్తికి మిత్తి కట్టే ఊళ్లు

వరంగల్ పల్లెల్లో మిత్తి అంటే వడ్డీ. పాత నిఘంటువు తెరిస్తే అదే మాటకు మృత్యువు అన్న అర్థం కనిపిస్తుంది. భాష ఈ రెంటినీ ఎలా కలిపిందో గానీ, మన ఊళ్లు మాత్రం విడదీయలేనంతగా ముడివేశాయి. ఇంట్లో ఒక మిత్తి జరిగిన పదకొండో రోజుకల్లా రెండో మిత్తి మొదలవుతుంది.

చావు ఖర్చుల జాబితా తెలియనివారు ఎవరూ లేరు. ఫ్రీజర్ పెట్టె కిరాయి, వైకుంఠ రథం, పూలు, నాలుగైదు క్వింటాళ్ల కట్టె, బ్యాండు, దారి పొడవునా టపాకాయలు, కూడలిలో నాయకుల బొమ్మల నడుమ పోయిన మనిషి బొమ్మతో ఫ్లెక్సీ. మూడో రోజు పిట్టకు పెట్టడం, తర్వాత మరికొన్ని దినాలు, చివరికి పెద్దకర్మ. వరసైన ప్రతి ఒక్కరికీ బట్టలు. యాటలు, కల్లు, ఆపైన సీసాలు. ఒక మామూలు కుటుంబం వీటికి లక్షన్నర తెచ్చిందనుకుందాం. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. సంవత్సరికం నాటికి అసలు అలాగే ఉంటుంది, మళ్లీ భోజనాలు పెట్టాలి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది రైతుబీమా సంగతి. 2018లో తెలంగాణలో మొదలైన ఆ పథకం కింద 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు రావాలి, అదీ పది రోజుల్లో. ఆ గడువు పెద్దకర్మ ముహూర్తానికి సరిగ్గా సరిపోతుంది! బీమా డబ్బు వస్తుందని తెలిసిన ఇంటికి అప్పు సులువుగా పుడుతుంది, ఆ ఇంటి దావత్ మీద బంధువుల ఆశలూ పెరుగుతాయి. పిల్లల చదువుకు, బోరు బాకీకి అక్కరకు రావలసిన సొమ్ము విస్తళ్లలోకి పోతుంటే, ‘ఆయన పేరు నిలబెట్టారు’ అని మనమే మెచ్చుకుంటాం.

ఖర్చు తగ్గిస్తే శాస్త్రం ఒప్పుకోదు అంటారా? విష్ణుపురాణం మూడో అంశంలో పితృదేవతలు స్వయంగా చెప్పిన మాట ఉంది. ఏమీ లేనివాడు ఏడెనిమిది నువ్వుగింజలతో నీళ్లు వదిలినా చాలు, ఆవుకు ఒకపూట గడ్డి వేసినా చాలు. అదీ లేకపోతే అడవికి వెళ్లి చేతులు పైకెత్తి ‘నా దగ్గర ధనం లేదు, భక్తి ఉంది, దానితోనే తృప్తి పడండి’ అంటే సరిపోతుంది. పితరులు అంత సర్దుకుపోతారు. సర్దుకుపోనిది మేనమామలూ బావమరుదులే. 2020లో కరోనా వచ్చినప్పుడు అంత్యక్రియలకు ఇరవై మందే రావాలని కేంద్రం ఆంక్ష పెట్టింది. ఆ ఏడాది వెళ్లినవారిలో ఎవరికీ స్వర్గద్వారం దగ్గర అడ్డు తగిలిందని వినలేదు.

ఈ తంతులో మనిషిని మనిషిగా సాగనంపే ఘట్టాలు ఏవో ఒక్కసారి ఏరి చూడండి. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దానికి ఎంత ఖర్చవుతుంది? ఆడవాళ్లు శవం మీద పడి శోకం పెడతారు. పోయినవాడు దున్నిన చెలక, నాటిన చింతచెట్టు, అలిగి అన్నం మానేసిన రోజు, జాతరలో తెచ్చిన రవికెగుడ్డ, అన్నీ ఆ రాగంలో వరసగా వస్తాయి. పెద్ద సభల్లో ఇచ్చే ఏ నివాళి ఉపన్యాసం కూడా దాని ముందు నిలవదు. ఒక మనిషి బతుకును అంత వివరంగా, అతని తప్పులతో సహా, ముఖం మీదే చెప్పి ఏడ్చే ఆచారం మనకు ఇదివరకే ఉంది. ఇప్పుడు బ్యాండు మోతలో ఆ శోకం ఎవరికీ వినిపించడం లేదు. అంటే డబ్బు పెట్టి కొన్నవి, డబ్బు అక్కరలేని వాటిని మింగేశాయి. నిరాడంబరంగా సాగనంపుదాం అన్నవాణ్ని పట్నం నుంచి కొత్త మోజు తెచ్చాడని వెక్కిరిస్తారు. మన నాయనమ్మల కాలంలో ఫ్రీజర్ పెట్టె ఎక్కడుంది, ఫ్లెక్సీ ఎక్కడుంది?

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ల మాటలోనూ కొంత నిజముంది. బతికినంత కాలం ఎవరూ పలకరించని పేదవాడికి ఊరంతా నడిచి వచ్చే రోజు అదొక్కటే. పది రోజులు ఇల్లు నిండా జనం ఉంటే దుఃఖం కొంత కరుగుతుంది. డప్పు కొట్టేవాళ్లకు నాలుగు రూపాయలు దక్కుతాయి. సరే, జనం రావాలి, నడవాలి, పది రోజులూ వంతులేసుకుని ఆ ఇంటికి అన్నం పట్టుకుపోవాలి. దుఃఖంలో ఉన్న ఇంటి చేత వండించుకుని తినడం ఓదార్పు ఎలా అవుతుంది? డప్పు సంగతికొస్తే, పిలిచి కూలి ఇస్తే అది కళ. పుట్టిన కులాన్ని బట్టి కొట్టి తీరాలంటే వెట్టి.

ఇక ఆ అప్పు తీర్చేది ఎవరు? చాలా ఇళ్లలో పోయినవాడి భార్యే. ఏ మహిళా సంఘంలోనో రుణం తీసుకుని నెలనెలా కట్టేది ఆమే. అదే మనిషికి అదే పెద్దకర్మ పేరుతో మనం చేసేదేమిటి? తెల్లవారకముందే కూర్చోబెట్టి, బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, మెట్టెలు తీయించడం. ఆమెను అవమానించే తంతుకు ఆమె చేతే డబ్బు కట్టిస్తున్నాం. నేను కర్మకాండ ఖర్చు గురించి రాయడానికే కూర్చున్నాను గానీ, ఎటు తిప్పినా కలం ఇక్కడికే వస్తోంది. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మే నెలలో ఈ తంతు వద్దని గ్రామసభలో తీర్మానించింది. ఆ ఊరిని చూసి నడవాలని అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలకు చెప్పింది.

రాజస్థాన్‌లో చావు భోజనాల మీద 1960లోనే చట్టం తెచ్చారు. అయినా విందులు ఆగలేదు కాబట్టి చట్టం మీద నాకు నమ్మకం తక్కువ, ఊరి మాట మీద ఎక్కువ. మా వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లి మద్యం వద్దని తనకు తానే కట్టుబాటు చేసుకుంది, కమిటీలు వేసుకుని పనులు నడిపింది. అలాంటి పట్టుదల ఉన్న జిల్లాలో, పల్లెప్రగతి పథకంలో ప్రజల డబ్బుతో వైకుంఠధామాలనే శ్మశానవాటికలు కట్టుకున్న తర్వాత, ‘మా ఊళ్లో చావుకు విందు లేదు, సీసా లేదు, గాజులు పగలవు’ అని ఒక్క తీర్మానం రాయలేమా? సర్పంచుకు రూపాయి నిధులు అక్కరలేని పని ఇది. పైగా ఆ వైకుంఠధామాన్ని పక్కన పెట్టి కులానికో జాగాలో కాల్చుకునే ఊళ్లకు ఆ గ్రామసభలోనే మరో ప్రశ్న వేయవచ్చు.

ప్రజాకవి కాళోజీ నారాయణరావు 2002 నవంబరులో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. 2024లో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లింది. కాళోజీ పేరును ఆరోగ్య విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం, ఏటా సెప్టెంబరు 9న దండలు వేస్తాం, ఆయన చేసి చూపించిన పని మాత్రం ఆయనకే వదిలేశాం. దేహదానానికి ముందే అంగీకార పత్రం రాసి, ఇంట్లోవాళ్లను ఒప్పించి ఉంచాలి. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని మామూలుగా కళాశాలలు తీసుకోవు. కళ్లు ఇవ్వాలంటే ఆరు గంటల్లోపే కబురు చేయాలి. అంత దూరం వెళ్లలేనివారికి ఊరి దహనవాటిక ఉంది, అస్థికలకు కాళేశ్వరం బస్సు ఉంది. ప్రాణహిత, గోదావరి కలిసేచోట మూడు కార్ల ఊరేగింపును నది అడగదు.

నా సంగతి నేను కాగితం మీద రాసి పిల్లలకు ఇచ్చేశాను. దేహం కళాశాలకు. వచ్చినవారికి చాయ్. సాయంత్రం ఇంటి ముందు చాపలు పరుచుకుని, నాతో గొడవపడ్డవాళ్లకు ముందు మాట్లాడే అవకాశం. మా ఆవిడ గాజులు ఆమె చేతికే. ఆమె అంతా చదివి ఒక్కదానికే అడ్డం తిరిగింది: మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టి తీరుతుందట. కాసేపు వాదించి ఒప్పుకున్నాను. పక్కన కాస్త పచ్చిపులుసు పోయమన్నాను.