మెడ ఎమ్మారై రిపోర్టు గారి దివ్య సముఖానికి

అయ్యా,

సాలూరు నుంచి విజయనగరం వచ్చిన పెద్దాయన కవర్లో ఇవాళ తమరి దర్శనమైంది. అడుగున ఉన్న ముక్క చదివి ధన్యులమయ్యాం: ‘రోగి సహకరించనందున చిత్రాలు స్పష్టంగా లేవు.’

ఏటండీ, ఆ మెడ చెప్పిన మాట వింటే ఆయన మీ గుమ్మం ఎందుకు ఎక్కుతాడు? సర్వైకల్ డిస్టోనియా అంటేనే కండరాలు వాటంతటవే బిగిసి తలను తిప్పేయడం. గడ్డానికి వేలు ఆనిస్తే కాసేపు నిలుస్తుంది, ఆయనకున్న ఉపాయం అదొక్కటే. తమరేమో ముఖం మీద కాయిల్ (బొమ్మ పట్టే పంజరం) బిగించి, చేతులు పక్కన పెట్టించి, మైకులో ‘కదలకు’ అన్నారు. వంకర మెడను స్పాంజీలు కుక్కి తిన్నగా చేయబోయారు. అది ఎదురు తిరిగి ఇంకా లాగింది. మూడు నుంచి అయిదు నిమిషాల సీక్వెన్సులో, అంటే ఒక విడత స్కానులో, కాస్త వణికినా బొమ్మ చెదురుతుంది. మెడ ఎటుంటే అటే ఆన్చి, పొట్టి సీక్వెన్సులు తీసి, మధ్యలో చేయి విడిస్తే మీ సొమ్మేం పోయింది?

తలగడ మార్చమన్నవాళ్ళనీ, సెలూన్లో మెడ విరిచినవాళ్ళనీ ఇవాళ్టికి వదిలేస్తున్నాం. చీటీ మీద కండరాల ఊసెత్తకుండా ‘సి-స్పైన్’ (మెడ పూసలు) అని గీకిన డాక్టరు గారిని కూడా.

సి5-సి6, అంటే అయిదు, ఆరు మెడ పూసల మధ్య డిస్కు ఉబ్బు గురించి అయిదు లైన్లు రాశారు, ఆ వయసులో చాలామందికి ఉండేదే. కండరాలకు దక్కింది ‘బిగుతు కావచ్చు’. ఏ కండరం? తల కుడికి తిరిగితే ముందు చూడాల్సింది మెడ ముందు పక్కనుండే ఎడమ స్టెర్నోక్లీడోమాస్టాయిడ్, వెనకుండే కుడి స్ప్లీనియస్ కాపిటిస్. మింగుడు కదలిక పడకూడదని గొంతు మీద వేసిన శాచురేషన్ బ్యాండు (బొమ్మలో ఆ మేర చెరిపేసే పట్టీ) మొదటిదాన్ని సగం మింగేసింది. ఆక్సియల్ కట్లు (అడ్డకోత బొమ్మలు) సి3 దగ్గర మొదలెట్టారు. తలను తిప్పే ఆబ్లీక్వస్ కాపిటిస్ ఇన్ఫీరియర్ సి1, సి2 మధ్య ఉంటుంది, అంటే మీ బొమ్మలోనే లేదు! కపాలం అడుగు నుంచి మొదటి ఛాతీ పూస దాకా, రెండు పక్కలూ పట్టేలా టీ1 (అది పూస పేరు కాదు, స్కాను రకం) కట్లు తీసి, ఎటు లావైందో పోల్చి రాయాలి.

ఏది లాగుతోందో తేల్చేది కండరాల విద్యుత్తును కొలిచే ఈఎంజీ పరీక్ష, తమరు కాదు. కానీ కండరం ఎంత లోతున ఉంది, పక్కన రక్తనాళం ఎక్కడుంది అన్నది తమరు బాగా చూపించగలరు. అందుకే ఇంత కడుపుమంట. విశాఖలో మూడు నెలలకోసారి పొడిచే బోటాక్స్, అంటే బిగిసిన కండరాన్ని వదులు చేసే సూది మందు, పక్కకు పాకితే మింగడమే కష్టమవుతుంది.

సహకరించలేదట! ఆ కాగితం పట్టుకుని ఆయన ప్రతి డాక్టరు ముందూ దోషిలా నిలబడాలా? అడెండం (రిపోర్టుకు సవరణ) రాయి. ‘రోగి’ అన్నచోట ‘ప్రోటోకాల్’ (స్కాను తీసిన పద్ధతి) అని దిద్దు. అయిదు నిమిషాల పని. కదలకుండా కూర్చుని రాయి.