వృత్తి పర్యటనలు: వెళ్లి రావడంతో పని అయిపోదు

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో విదేశం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ఉయ్యూరు, తెనాలి, మంగళగిరి.. ఎక్కడ చూసినా వీధికి ఒకరిద్దరి పిల్లలైనా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. అమ్మానాన్నలు ఆరు నెలలు వెళ్లి మనవలను ఆడించి, నయాగరా చూసి వస్తారు. ఇన్ని రాకపోకలున్నా, అక్కడివాళ్లు తమ ఊరి కోసం ఏం చేస్తారో, ఎలా చేస్తారో మనకు తెలిసింది చాలా తక్కువ. ఫైర్ స్టేషన్ ఎవరు నడుపుతారో, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు భోజనం ఎవరు పట్టుకెళ్లి ఇస్తారో డల్లాస్‌లో కూతురింట్లో ఉండి వచ్చిన తండ్రికి చూసే అవకాశం రాదు. అక్కడే ఉద్యోగం చేసే కూతురికీ చాలాసార్లు రాదు.

అలాంటి అవకాశం కల్పించిన పథకాల్లో నాకు బాగా నచ్చింది రోటరీ ఫౌండేషన్ వారి గ్రూప్ స్టడీ ఎక్స్చేంజ్. 1965లో మొదలైంది. రోటరీ సభ్యుడు ఒకరు నాయకుడిగా ఉండేవారు. ఆయన వెంట రోటరీతో సంబంధం లేని, 25 నుంచి 40 ఏళ్ల మధ్య వయసున్న ఉద్యోగులు, వృత్తి నిపుణులు నలుగురైదుగురు వెళ్లేవారు. నాలుగు నుంచి ఆరు వారాలు పరాయి దేశంలో ఉండేవారు. టీచర్ అయితే బడికి, నర్సు అయితే ఆస్పత్రికి, విలేకరి అయితే పత్రిక ఆఫీసుకు తీసుకెళ్లేవారు. ఆ తర్వాత అటునుంచి ఒక బృందం ఇటు వచ్చేది. రోటరీ సభ్యులకు, వాళ్ల దగ్గరి బంధువులకు ఆ నాలుగైదు సీట్లలో చోటు లేదన్న నియమం కూడా ఉండేది. సిఫార్సులకు అలవాటు పడిన మన సమాజంలో ఆ ఒక్క నియమం విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

అయితే అసలు మార్పు తెచ్చేది ఆఫీసుల సందర్శన అనుకోను. బస ఎక్కడన్నది ముఖ్యం. ఈ బృందాలు ఎక్కువగా హోటళ్లలో కాకుండా అక్కడి సభ్యుల ఇళ్లలోనే దిగేవి. ఆస్పత్రిలో చూసే యంత్రాలు మనకు ఇప్పుడో రేపో వస్తాయి. ఇంట్లో చూసేది వేరు. పొద్దంతా ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, సాయంత్రం కాఫీ తాగి, మళ్లీ బూట్లు వేసుకుని ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వెళ్తాడు. ఎవరూ దండ వేయరు, ఫ్లెక్సీ కట్టరు. ఇంట్లోవాళ్లు కూడా దాన్ని త్యాగంలా చూడరు. వంట, బట్టలు ఉతకడంలాగే అదీ వారంలో ఒక పని. సేవ అంటే డబ్బున్నవాళ్లు పండగపూట చేసే దానం అని చూస్తూ పెరిగినవాళ్లకు ఈ దృశ్యం నాలుగు రోజులు వరసగా కనిపిస్తే, మనసులో లెక్క మారుతుంది. నేనూ చేయగలను కదా అనిపిస్తుంది.

దీన్ని మన ఊరి అనుభవం పక్కన పెట్టి చూద్దాం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం మునిగిపోయాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అన్నం పొట్లాలు, పాలు, నీళ్ల సీసాలు బండ్లకొద్దీ వచ్చాయి. నడుంలోతు నీళ్లలో దిగి పసిపిల్లలను, ముసలివాళ్లను మోసుకొచ్చిన కుర్రాళ్లను మర్చిపోలేం. విజయవాడ మనసు ఎంత పెద్దదో ఆ వారంలో కనపడింది. కానీ సింగ్ నగర్ ఫ్లైఓవర్ చుట్టుపక్కల అందినంతగా సాయం లోపలి వీధులకు అందలేదు. ఎవరు ఏ వీధికి వెళ్లాలి, పడవ ఎవరు నడపాలి, మంచం మీదున్న రోగి ఏ ఇంట్లో ఉన్నాడు అన్నది ముందే తెలిసి, శిక్షణ పొందిన పౌర దళం మనకు లేదు.

జర్మనీలో ఆ పని కోసం టీహెచ్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఉంది. 1950లో పెట్టారు. అందులో 80 వేలకు పైగా వాలంటీర్లు ఉన్నారు. మెకానిక్, ఎలక్ట్రీషియన్, టీచర్, బ్యాంకు ఉద్యోగి.. ఎవరి ఉద్యోగం వాళ్లదే, పని అయ్యాక వచ్చి పంపులు నడపడం, వంతెనలు వేయడం నేర్చుకుంటారు. వరద వచ్చినప్పుడు యజమాని వాళ్లను జీతం కోయకుండా పంపాలి. ప్రైవేటు యజమాని అడిగితే ఆ జీతం ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. అమెరికాలోనూ అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా వాలంటీర్లే. మన ఫైర్ ఆఫీసర్ ఒకరు, మున్సిపల్ ఇంజనీర్ ఒకరు, 108 అంబులెన్సు టెక్నీషియన్ ఒకరు అలాంటి వాలంటీర్ ఇంట్లో నెల రోజులుంటే ఏం తెచ్చుకుంటారో ఊహించవచ్చు. మంచితనం మనకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దానికి రిజిస్టరు, శిక్షణ, వంతులు ఎలా పెట్టాలో చూసి రావాలి.

చూసి వచ్చినవాళ్లు ఏం చేయగలరో మన దగ్గరే ఉదాహరణ ఉంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1974లో అమెరికా వెళ్లి, కంటి వైద్యంలో అక్కడ శిక్షణ పొంది పనిచేశారు. 1981లో తిరిగొచ్చారు. 1987లో హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలైంది. చెప్పుకోవాల్సింది పెద్ద ఆస్పత్రి గురించి కాదు. పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి, అక్కడి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. కళ్లజోడు కోసం ఎవరూ నగరం దాకా రానక్కర్లేకుండా చేశారు. విజయవాడ శివారు తాడిగడపలో ఆ సంస్థ క్యాంపస్ ఉంది. ఆయనది నెల రోజుల పర్యటన కాదు నిజమే, కానీ చూసిన పద్ధతిని మన పల్లెకు సరిపడేలా మార్చుకోవడంలోనే ఫలితమంతా ఉందని ఆయన పని చెబుతుంది.

ఇంకో విషయం. నేర్చుకోవడానికి మనమే పడమటికి పోవాలన్న రోజులు పోయాయి. గుంటూరు కేంద్రంగా నడిచే రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయాన్ని చూడటానికి ఇతర దేశాల నుంచి బృందాలు వస్తున్నాయి. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవతా పురస్కారం వచ్చింది. రైతు శిక్షకురాలైన ఒక గ్రామీణ మహిళ లిస్బన్ వేదిక మీద నిలబడి దాన్ని అందుకున్నారు. అతిథులకు తన పొలం చూపించి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే రైతు కూడా మారుతుంది. తన పనిని పరాయివాళ్ల కళ్లతో చూసుకుంటుంది, పక్క ఊరికి నేర్పడానికి ధైర్యం వస్తుంది. ఈ లాభాన్ని మనం లెక్కలో వేసుకోవడం లేదు.

అభ్యంతరం ఒకటి తరచూ వినిపిస్తుంది. ఎలాగూ సేవాభావం ఉన్నవాళ్లే ఎంపికవుతారు, పర్యటన కొత్తగా చేసిందేముంది అని. ఇందులో కొంత నిజముంది. కానీ సేవాభావం ఉండి, దారి తెలియక, తోడు లేక చల్లబడిపోయేవాళ్లు మన చుట్టూ ఎందరు లేరు? నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. తిరిగొచ్చినవాళ్లకు సన్మానం చేసి, ఫొటో పేపర్లో వేయించి, అంతటితో వదిలేస్తాం. ఆర్నెల్లు గడిస్తే ఆ వేడి తగ్గుతుంది, ఇంటి ఈఎంఐలు, పిల్లల ఇంటర్ కోచింగ్ టెన్షన్ మీద పడతాయి. దిగిన వారంలోనే ఒక బాధ్యత, పక్కన నలుగురు మనుషులు దొరికితే తప్ప ఉత్సాహం నిలవదు. పంపే సంస్థ వీసా ఖర్చుతో పాటు తర్వాతి రెండేళ్ల పనికీ ప్లాన్ వేసుకోవాలి.

గ్రూప్ స్టడీ ఎక్స్చేంజ్ 2013లో ముగిసింది. దాని స్థానంలో వృత్తి శిక్షణ బృందాలు వచ్చాయి. వాటికి రోటరీ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు కింద కనీసం 30 వేల డాలర్ల ప్రాజెక్టు ఉండాలి, ఫలితాలు కొలిచి చూపించాలి. డబ్బు ఇచ్చేవాళ్లు ఫలితం అడగడం న్యాయమే. అయినా, ఏ లక్ష్యమూ మోయకుండా ఒక యువ టీచర్ ఇంకో దేశపు ఇంట్లో నెల రోజులు గడపడం వల్ల కలిగే మేలు ఆ కొలతకు దొరకదు. అది పోవడం నష్టమే అంటాను.

మళ్లీ మొదలుపెట్టడానికి పెద్ద సంస్థ కోసం ఎదురుచూడనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని మొడెస్టో విజయవాడకు సోదర నగరం. మనలాగే కాలువల మీద, వ్యవసాయం మీద బతికే ఊరు, నదీ వరదలు ఎరిగిన ఊరు. రెండు నగరాల మధ్య ఏటా నలుగురు వెళ్లి, నలుగురు రావడం భరించలేనంత ఖర్చు కాదు. మన ఎన్నారైలు అక్కడ ఇళ్లు చూపించగలరు, కానీ బస మాత్రం తెలుగువాళ్లింట్లో పెట్టకూడదు. ఎంపిక సచివాలయ ఉద్యోగి, పారిశుధ్య ఇన్‌స్పెక్టర్, స్టాఫ్ నర్సు, ప్రభుత్వ బడి టీచర్ల నుంచి మొదలవ్వాలి. వాళ్లకు పాస్‌పోర్టు కంటే ముందు కావాల్సింది సెలవు. ఇప్పుడు శాఖ అనుమతి కోసం ఫైలు బల్లబల్లకూ తిరగాలి. ఆ నెల రోజులను ఆన్ డ్యూటీగా లెక్కించేలా, పదిహేను రోజుల్లో అనుమతి ఇచ్చేలా ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, మొదటి బృందాన్ని వచ్చే వేసవిలోనే పంపవచ్చు.