సైంటిస్టు కావాలంటే ముందు శాలువా మడతపెట్టడం రావాలి

మా అక్క కొడుకు హన్మకొండలో కెమిస్ట్రీ పీహెచ్‌డీలో చేరి ఏడాదైంది. మొన్న ఇంటికొచ్చి, "మామా, 1213 నాటి రామప్ప గోపురం ఇటుక నీళ్లల్ల ఎట్ల తేలుతదో కనుక్కోవాలె" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇలాంటి కోరికలున్న పిల్లలు ఈ లైన్లో పైకి రారు. ఒక కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా బీకర్లు కడిగినవాణ్ని, నాకు తెలియదా?

కూర్చోబెట్టి చెప్పాను. అల్లుడా, పరిశోధనకు ముఖ్యమైన పరికరం స్పెక్ట్రోమీటరు కాదు, స్కూటీ. నీ గైడు సార్ కాజీపేటలో రైలు దిగేసరికి నువ్వు ప్లాట్‌ఫాం మీద ఉండాలి, ఆయన గ్యాసు బుక్కు నీ జేబులో ఉండాలి. ఇక వైవా రోజు, అంటే పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష రోజు, అసలు ప్రయోగం. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరుకు పొద్దున భద్రకాళి దర్శనం, వేయిస్తంభాల గుడి దగ్గర ఫోటో, మధ్యాహ్నం మటన్, సాయంత్రం శాలువా, పోయేటప్పుడు రెండు కిలోల చపాట మిర్చి. ఇంత పకడ్బందీగా చేశాక ఫలితం తారుమారైన కేసు నేనైతే చూళ్లేదు.

పేపర్ మీద పేర్ల సంగతి. సార్ పేరు, సార్‌కు సార్ పేరు, ల్యాబు ముఖం చూడని హెచ్‌ఓడీ పేరు, చోటు మిగిలితే నీది. ఏడవకు. 1975లో అమెరికాలో హెథరింగ్టన్ అనే ఫిజిక్స్ ఆయన, ఒక్కడే రాసిన పేపర్లో అంతటా 'మేము' అని టైపు కొట్టేసి, మళ్లీ కొట్టే ఓపిక లేక తన పిల్లిని రెండో రచయితగా పెట్టాడు. ఆ పేపర్ పెద్ద జర్నల్లోనే వచ్చింది. పిల్లి నయం, గ్యాసు బుక్ చేయమనలేదు.

థీసిస్‌లో కాపీ శాతం పదికి మించొద్దని యూజీసీ 2018లో రూలు పెట్టింది. దానికీ మందుంది, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్. దాని పుణ్యమా అని బ్రెస్ట్ క్యాన్సర్ 'బోసమ్ పెరిల్' అయి, అంటే ఎద ఆపద అయి, నిజంగానే జర్నళ్లలో అచ్చయింది.

హెచ్-ఇండెక్స్ అని సైంటిస్టుకు వేసే మార్కు ఇంకోటుంది, 2005లో హిర్ష్ అనే ఆయన కనిపెట్టాడు. నీ పేపర్లలో ఇరవైని ఒక్కోదాన్ని కనీసం ఇరవైసార్లు ఎవరైనా ఉదహరిస్తే నీ ఇండెక్స్ ఇరవై. మనకు కొత్తేం కాదు, పెళ్లి చదివింపుల పుస్తకమే. నువ్వు నా పేపర్‌కు నూటపదహార్లు రాయి, నీ పేపర్ వచ్చిన రోజు నేనూ రాస్తాను.

అంతా విని వాడు, "మరి కారికో మేడం?" అన్నాడు. 1995లో యూనివర్సిటీ ఆమెను పదవిలో కిందికి దించిందట, కోవిడ్ టీకాకు దారి చూపిన ఎంఆర్ఎన్ఏ పరిశోధన వదలనందుకు 2023లో నోబెల్ వచ్చిందట. వచ్చింది, ఎవరు కాదన్నారు? మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు. అక్కడ మీ అమ్మ సంబంధాలు చూస్తోంది.

వాడేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే నా స్నానం బకెట్ ముందు గొంతుక్కూర్చున్నాడు. మట్టిలో ఊక కలిపి కాల్చిన ఇటుక ముక్కట, సంచిలో తెచ్చుకున్నాడు. మెల్లగా నీళ్లలో వదిలాడు. బుడుంగున మునిగింది. వాడు మొహం వెలిగిపోతూ నోట్‌బుక్కు తీసి టైముతో సహా రాసుకున్నాడు.

"మునిగిందని రాస్తే ఏ జర్నల్ వేసుకుంటదిరా?" అన్నాను.

"మామా, బకెట్ ఇంకో రోజు ఉండనీ" అన్నాడు.