మందుల ఆర్డర్ కూడా ఆరోగ్య సమాచారమే

డాక్టర్ రాసిన చీటీ, ల్యాబ్ రిపోర్టు, స్కానింగ్ ఫిల్మ్. ఇవి సున్నితమైన వ్యక్తిగత సమాచారమన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా ఆసుపత్రి గడప దాటాక మొదలవుతుంది. నెలసరి తేదీలు రాసుకునే యాప్, గుండె వేగం లెక్కపెట్టే వాచీ, అర్ధరాత్రి టెన్షన్‌తో సెర్చ్‌లో టైప్ చేసిన లక్షణాలు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మాత్రలు... వీటికీ అదే రక్షణ ఉందా? దేశానికో జవాబు వస్తోంది.

యూరప్ కోర్టులు ఈ విషయంలో చాలా ముందుకు వెళ్లాయి. ఒక మహిళ కాలికి దెబ్బ తగిలి సగం పూటే పనికి వెళ్తోందని వెబ్ పేజీలో రాయడం కూడా ఆరోగ్య సమాచారం బయటపెట్టడమేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2003లోనే తేల్చింది. 2024 అక్టోబర్ 4న ఇచ్చిన తీర్పు ఇంకా ముఖ్యమైనది. ఫార్మసీలో మాత్రమే దొరికే మందుల్ని ఆన్‌లైన్‌లో కొంటే, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని మందులైనా సరే, ఆర్డర్ వివరాలన్నీ ఆరోగ్య సమాచారమేనని కోర్టు చెప్పింది. కొన్న మనిషి ఇంట్లో ఇంకెవరికోసమో కొని ఉండవచ్చు కదా అన్న వాదనను ఒప్పుకోలేదు. మా దృష్టిలో ఇదే సరైన చూపు. ఉద్యోగం ఇచ్చేవారికో, బీమా కంపెనీకో ఆ జాబితా చేరితే, మాత్రలు ఎవరు మింగారని ఆరా తీసేదెవరు? ఊహ తప్పైనా నష్టం మాత్రం నిజం.

ఇంత విస్తృతంగా నిర్వచిస్తే వ్యాపారాలు నడవవని కంపెనీలు అంటున్నాయి. ఆ కోర్టు అమ్మకాన్ని ఆపలేదు. కొనేవారి స్పష్టమైన అనుమతి వంటి చట్టబద్ధమైన ఆధారం ఉండాలంది, అంతే.

అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతను చూసే 1996 నాటి హిపా చట్టం సమాచారం ఎవరి చేతిలో ఉందన్నదే చూస్తుంది. ఆసుపత్రులు, ఆరోగ్య బీమా సంస్థలు, వాటి తరఫున పనిచేసేవారు దాని పరిధిలోకి వస్తారు. మనం సొంతంగా ఫోన్‌లో వేసుకున్న యాప్ సాధారణంగా రాదు. అదే రక్తపోటు అంకె డాక్టర్ దగ్గరుంటే రహస్యం, యాప్‌లో ఉంటే సరుకు! ఈ లోటు చూసే వాషింగ్టన్ రాష్ట్రం 2023లో వేరే చట్టం తెచ్చి, ఇతర సమాచారం నుంచి ఆరోగ్యం గురించి కట్టిన అంచనాలనూ అందులో చేర్చింది.

భారత్ వెనక్కి నడిచింది. 2011 ఐటీ నిబంధనలు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా పేర్కొన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ ప్రత్యేక విభాగమే లేదు. హెచ్‌ఐవీ రిపోర్టుకూ ఈమెయిల్ చిరునామాకూ ఒకే తూకం వేయడాన్ని మేము ఒప్పుకోలేం. ఆరోగ్య సమాచారాన్ని చట్టంలో మళ్లీ విడిగా నిర్వచించాలి. అందులో యాప్‌ల లెక్కలు, మందుల ఆర్డర్లు, వాటి నుంచి కట్టే అంచనాలు కూడా ఉండాలి. ప్రకటనల కంపెనీకి గానీ బీమా సంస్థకు గానీ ఇచ్చే ముందు, ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో చెప్పి ప్రతిసారీ విడిగా అనుమతి తీసుకోవాలి. యాప్ తెరిచిన మొదటి రోజు నొక్కిన ఒక్క టిక్కు ఇందుకు సరిపోదని కూడా ఆ చట్టంలోనే రాయాలి.