సవరణ: బ్రిస్కెట్‌ని 71 డిగ్రీలకే దించకండి

కనుమ ముందు రాసిన పోస్టులో, పొగ మీద కాల్చే బ్రిస్కెట్‌ని లోపల 71 డిగ్రీలు రాగానే దించి, వెంటనే కోసి వడ్డించమన్నాను. రెండూ తప్పే. అది నమ్మి విజయనగరంలో ఒకరింట్లో నాలుగు కేజీల ముక్క చెప్పుతోలులా బిగుసుకుపోయిందట. మన్నించండి.

బ్రిస్కెట్ అంటే పశువు ఛాతీ మాంసం. ఒంటి బరువు మోసే కండ కాబట్టి కొల్లాజెన్ (కండని గట్టిగా పట్టి ఉంచే ప్రోటీన్) ఎక్కువ. 71 దగ్గర మాంసం ఉడికిపోతుంది గానీ ఆ కొల్లాజెన్ చాలావరకు కరగదు. పైగా 65 నుంచి 75 మధ్య, పైతడి ఆవిరైపోతూ ముక్కని చల్లబరుస్తుంది. గంటల తరబడి థర్మామీటరు కదలదు. అది ఆగిపోతే పని అయిపోయిందనుకుని నేను పొరబడింది అక్కడే. ఈ వంటకి పేరుపడ్డ అమెరికాలోని టెక్సాస్‌లో సాధారణంగా 93–96 వరకు ఆగుతారు. అంకె కన్నా చేతిని నమ్మండి: ఇనుప పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగాలి.

దించాక కాగితంలో చుట్టి, పైన పాత దుప్పటి కప్పి కనీసం గంట వదిలేయండి. 65 ప్రాంతానికి వచ్చాక పోగులకు అడ్డంగా కోయండి. చుట్టాలు ఆలస్యమైతే 60కి తగ్గకుండా వేడిగా ఉంచాలి, లేదంటే బాక్టీరియా పెరుగుతుంది.