అడిగినందుకు 535 డాలర్లు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. కానీ అన్నం అడిగినందుకు అమ్మ ఏనాడూ ఫీజు తీసుకోలేదు. ఈ ఒక్క లోపం వల్లే కాబోలు, అమ్మలెవరూ అగ్రరాజ్యాలు కాలేకపోయారు.

ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. మా అక్క కొడుక్కి అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది. ఐ-20, అంటే యూనివర్సిటీ పంపే ప్రవేశ పత్రం, వచ్చిన రోజు ఇంట్లో పులిహోర కలిపారు, బొబ్బట్లు చేశారు. సీటొస్తే విమానం ఎక్కినట్టేనని మా బావగారి లెక్క. ఆ రాత్రి పదకొండింటికి మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, నీ కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్‌లో ఉందా?"

లేదు. ఉండదు. కొత్త కార్డులకు విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంచాలని రిజర్వు బ్యాంకు 2020లోనే చెప్పింది. బ్యాంకు యాప్‌లో ఎక్కడో ఉన్న మీట నొక్కితే గానీ డాలరు కదలదు. ఆ మీట నాకు దొరికేసరికి ఓటీపీ గడువు దాటింది. రెండోసారి ఓటీపీ వచ్చింది, పేజీ పోయింది. మూడోసారి 350 డాలర్లు పోయాయి. మేనల్లుడి ఆనందం ఇంతా అంతా కాదు. "కట్ అయిపోయాయి మామయ్యా!" అని కేక పెట్టాడు. డబ్బు పోయినందుకు మనిషి గంతులేయడం నేను చూడటం అదే మొదలు.

ఆ 350 సెవిస్ ఫీజు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ల దగ్గర విదేశీ విద్యార్థుల చిట్టా ఒకటుంటుంది. కుర్రాడు ఏ యూనివర్సిటీలో చేరాడు, క్లాసులకు సరిగ్గా నమోదయ్యాడా, గది మారాడా, అన్నీ అందులో ఉంటాయి. దాని పేరే సెవిస్. 1996లో చట్టం చేస్తూనే, దీని ఖర్చు విద్యార్థుల దగ్గరే రాబట్టుకోవాలని అందులో రాసుకున్నారు. 2004 సెప్టెంబర్ నుంచి వసూలు మొదలైంది. అప్పుడు 100 డాలర్లు. 2008లో 200 అయింది. 2019 జూన్ నుంచి 350. పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివారు, అమ్మాయి గురించి వాకబు చేయడానికి మనిషిని పెట్టుకుని, అతగాడి జీతం బిల్లు అమ్మాయి తండ్రికి పంపినట్టుంది కదా అని మా బావగారు అన్నారు. నేను వారించాను. పెద్దవాళ్లతో సంబంధం కలుపుకునేటప్పుడు ఇలాంటి పోలికలు తేకూడదు.

రెండో గల్లాపెట్టె 185 డాలర్లది. ఇది వీసా దరఖాస్తు ఫీజు, విదేశాంగ శాఖ వారిది. రెండూ ఒకే ప్రభుత్వానివే. కానీ ఒక గల్లాలో వేసింది రెండో గల్లాకి లెక్కలోకి రాదు. మొదటి గల్లా రసీదు మాత్రం రెండో గల్లా వాళ్ల ముందు చూపించాలి. ఈ ఫీజుకి ఎం.ఆర్.వి. అని పేరు, అంటే మెషిన్ రీడబుల్ వీసా, యంత్రం చదవగలిగే వీసా. పిల్లవాడి చదువుకే కాదు, యంత్రం చదువుకి కూడా మనమే ఫీజు కడుతున్నామన్నమాట. 2023 జూన్‌కి ముందు 160 ఉండేది, యంత్రం పైక్లాసుకి వెళ్లినట్టుంది. పైగా ఇక్కడ డాలరుకి రెండు రేట్లు. బజారు రేటు ఒకటి, కాన్సులేట్ వారు తమ కోసం పెట్టుకున్న రేటు ఒకటి. రెండోది మొదటిదానికన్నా తక్కువగా ఉన్న రోజు నా కంట పడలేదు.

వెరసి 535. డాలరు 90 రూపాయలనుకుంటే 48,150. బ్యాంకు వాళ్ల మార్కప్పు, దాని మీద జీఎస్టీ వేరే. ఇవన్నీ సక్రమంగా కట్టించినందుకు కన్సల్టెన్సీ వారి సర్వీస్ ఛార్జీ ఒకటి. ఫీజు కట్టడానికి ఫీజు. ఆ కన్సల్టెన్సీలోనే మా వాడి స్నేహితుడు కనిపించాడు. వాడి పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడింది, రెండో గడి ఖాళీ. అందుకని దరఖాస్తులో వాడి పేరు ఎఫ్.ఎన్.యు. అయింది, అంటే మొదటి పేరు తెలియదు అని. పేరు తెలియకపోయినా పరవాలేదట, కార్డు పని చేస్తే చాలు.

ఇంత ఖర్చు దేనికి? వీసాకి అనుకుంటే పొరపాటు. వీసా అడగడానికి. ఇస్తారో ఇవ్వరో అది వేరే సంగతి. ఇవ్వకపోతే వెనక్కి రావు, ఇంకొకరి పేరు మీదికి మారవు.

ఇక్కడ చిలుకూరు బాలాజీ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గండిపేట దగ్గర ఉండే ఈ స్వామిని లోకమంతా వీసా బాలాజీ అంటుంది. ఆ గుళ్లో హుండీ లేదు. వీఐపీ దర్శనం లేదు, టికెట్టు లేదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేయాలి. కోరిక తీరితే వచ్చి 108 చేయాలి. అంటే అసలు చెల్లింపు పని అయ్యాకే. పని కాకపోతే 108 బాకీ లేదు. ఫోన్ కంపెనీ భాషలో చెప్పాలంటే స్వామిది పోస్ట్‌పెయిడ్, కాన్సులేట్‌ది ప్రీపెయిడ్. అదీ వెనక్కి రాని ప్రీపెయిడ్. కాన్సులేట్ కిటికీ అవతల కూర్చున్న వీసా అధికారికి లేని ధైర్యం స్వామికి ఎక్కణ్నుంచి వచ్చిందో! మొక్కుకుని ఎగ్గొడితే ఎలాగని ఆయనకి టెన్షన్ లేదు. భక్తుడు గుళ్లోనే శాశ్వతంగా ఉండిపోవడానికి వచ్చాడేమోనన్న అనుమానమూ లేదు. పరిపాలనా దక్షత అంటే ఏమిటో స్వామికి ఇంకా అంతుబట్టలేదు.

టికెట్టు పెట్టే దేవుళ్లూ ఉన్నారు, కాదనను. తిరుమలలో 300 రూపాయల టికెట్టు ఉంది. కానీ ఆ 300కి దర్శనం జరుగుతుంది. రెప్పపాటు కాలమే అయినా జరుగుతుంది. బయటికొస్తే లడ్డూ ఇస్తారు. "భక్తా, నీ టికెట్టు పరిశీలించాం, నీ భక్తి మాకు నమ్మకం కలిగించలేదు, లైను దిగి వెళ్లు" అని అక్కడ ఎవరూ కాగితం చేతిలో పెట్టరు.

మా అక్క చిలుకూరు వెళ్లి 11 చుట్లు తిరిగింది. ఖర్చు ఆటోది, కొబ్బరికాయది.

ఇంటర్వ్యూ రోజు అందరం నానక్‌రామ్‌గూడ వెళ్లాం. ఒకప్పుడు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది కాన్సులేట్. 2023 మార్చిలో ఇక్కడికి మార్చారు. 34 కోట్ల డాలర్ల కట్టడం, 12 ఎకరాలు, 54 కిటికీలు. బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఆ గోడని చూస్తూ, అందులో మా ఇటుక ఏదై ఉంటుందా అని కాసేపు వెతికాను. బావగారు రెండు కిలోల ఫైలు కట్టి పంపారు. పొలం పాసుపుస్తకం, ఇంటి వాల్యుయేషన్, సీఏ గారి సర్టిఫికెట్, బ్యాంకు లోను ఉత్తరం. ఫైలు రంగు కూడా పురోహితుణ్ని అడిగి ఎంచారు.

లోపల జరిగింది రెండు నిమిషాలు. ఏ యూనివర్సిటీ? ఎందుకు అదే? ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? మూడో జవాబు పూర్తయ్యేలోగా 214-బి సెక్షన్ కింద వీసా ఇవ్వలేమన్న కాగితం వచ్చేసింది. ఫైలు మడత కూడా విప్పలేదు. ఆ 214-బి ఏమంటుందంటే, వచ్చిన ప్రతివాడూ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో వచ్చినవాడే, కాదని తనే రుజువు చేసుకోవాలి. పదహారు వేల రూపాయలు కట్టి మరీ వినదగ్గ మాట.

బావగారు కాగితం చూసి కింద కూలబడ్డారు. నేను మాత్రం లెక్క వేశాను. 185 డాలర్లు, రెండు నిమిషాలు. అంటే నిమిషానికి 8,325 రూపాయలు. మా వీధి చివర గుండె డాక్టరుగారు 800 తీసుకుంటారు. నాడి చూస్తారు, నాలుక చాపమంటారు, మందులు రాస్తారు. రిసెప్షన్‌లో ఆ చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసి ఇస్తారు: వారంలోగా వస్తే ఉచితం. ఈ ఒక్క పద్ధతి నానక్‌రామ్‌గూడలో పెడితే రెండు దేశాల స్నేహం ఎంత బలపడేదో! 214-బి కాగితం వెనక ఎర్ర సిరాతో "వారంలోగా రివ్యూ ఫ్రీ". అది సాధ్యం కాదనడానికి వీల్లేదు. సెవిస్ వాళ్లకి ఈ అలవాటు కొంత ఉంది. వీసా రాకపోయినా, 12 నెలల్లోగా అదే రకం వీసాకి మళ్లీ దరఖాస్తు పెడితే ఆ 350 మళ్లీ కట్టక్కర్లేదు. వాకబు చేసే మనిషికే ఇంత జాలి ఉంటే పెళ్లికొడుక్కి ఎందుకు లేదో.

ఒక్క మా వాడి గోడే అయితే ఇంత రాయను. 2024 సెప్టెంబర్‌తో ముగిసిన అమెరికా ఆర్థిక సంవత్సరంలో ప్రపంచం మొత్తమ్మీద విద్యార్థి వీసా దరఖాస్తుల్లో నూటికి 41 తిరస్కరించారు. వందమంది దగ్గర ముందే బిల్లు తీసుకుని 59 మందికి భోజనం పెట్టే మెస్సు అమీర్‌పేటలో ఉంటే దాని అద్దాలు సాయంత్రానికి ఉండేవి కావు. అక్కడ మాత్రం మిగతా 41 మందీ చేతులు కడుక్కుని మళ్లీ లైన్లో నిలబడతారు.

ఇప్పుడు ఇంకో కొత్త పద్దు వచ్చింది. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో వీసా ఇంటిగ్రిటీ ఫీజు అని 250 డాలర్లు రాసి పెట్టారు. ఇంటిగ్రిటీ అంటే నిజాయితీ. ఇది వీసా ఇచ్చేటప్పుడు మాత్రమే తీసుకోవాలట. వీసా రానివాడు తన నిజాయితీని ఉచితంగా ఇంటికి తీసుకుపోవచ్చు. వచ్చినవాడు షరతులన్నీ పాటించి బుద్ధిగా తిరిగొస్తే ఆ 250 వెనక్కిచ్చే వీలుందని కూడా చట్టంలో ఉంది. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లకి ఈ వాక్యం కొత్తేం కాదు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు ఇచ్చేస్తాం అంటారు. ఖాళీ చేశాక గోడకి మేకు కొట్టారంటారు, రంగులకని ఒక నెల అద్దె కోసుకుంటారు. తెలుగువాడికి ఈ చట్టం చదవడానికి లాయరు అక్కర్లేదు.

బావగారు కోపంగా వేరే దేశాలు చూద్దామన్నారు. చూశాం. ఆస్ట్రేలియా వాళ్లు విద్యార్థి వీసా ఫీజులో, తమ డాలర్లలోనే, 2024 జూలైలో 710 నుంచి 1,600కి, మరుసటి జూలైలో 2,000కి ఎక్కారు. బ్రిటన్‌లో వీసా ఫీజు కాక విద్యార్థి దగ్గర ఏడాదికి 776 పౌండ్లు వైద్యం కోసమని ముందే తీసుకుంటారు, జ్వరం వచ్చినా రాకపోయినా. వీసా రాకపోతే ఆ వైద్యం డబ్బు మాత్రం వెనక్కిస్తారు, అది ఒప్పుకోవాలి. ఈ జాబితా చూశాక బావగారికి అమెరికా మీద మళ్లీ గౌరవం కలిగింది.

అయినా మనకి కొత్తేమిటి? ఈఏపీసెట్ లేటు ఫీజు మెట్లెక్కి వేలల్లోకి పోతుంటే చూస్తూ పెరిగిన పిల్లలు మనవాళ్లు. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి, 2023లో ఒకసారి రాసి, రెండూ రద్దయితే పుస్తకాలు దులుపుకుని మూడోసారి కూర్చున్నారు. అడిగినందుకు డబ్బు కట్టడంలో ఇంత శిక్షణ పొందిన యువత ఇంకే దేశానికి దొరుకుతుంది? అమెరికా వాళ్లు మనల్ని పిలవక్కర్లేదు, ఒక గల్లాపెట్టె తెరిచి కూర్చుంటే చాలు.

నిన్న అక్క అడిగింది, "తమ్ముడూ, వీసా రాలేదుగా, ఆ పదకొండు ప్రదక్షిణలూ చెల్లుతాయా, మళ్లీ చేయాలా?" అని. స్వామి దగ్గర అలాంటి రూలేమీ నాకు తెలిసి లేదన్నాను. అయినా మనసు ఒప్పక తెల్లవారుజామునే బయల్దేరింది. ఆవిడ గుళ్లో ఏడో చుట్టులో ఉండగా ఇక్కడ నా ఫోన్ మోగింది.

"మామయ్యా, 185. ఓటీపీ వచ్చిందా?"